గోరింటలంక టపా మొసలి

హైదరాబాదు,
8 జూన్ 2025.

అత్తయ్యకి దుర్గ నమస్కారాలు.

ఫోను చేస్తే "నువ్వు చెప్పేది సగం వినపడదు, మిగతా సగం అర్థం కాదు, ఉత్తరం రాయి" అని పెట్టేశారు. ముప్పై ఆరేళ్ళు పోస్టుమాస్టరుగా చేసినావిడతో వాదించి గెలవలేను కాబట్టి రాస్తున్నాను.

నా ఉద్యోగం ఏమిటని అడిగారు కదా. నలుగురు బల్ల చుట్టూ కూచుని ఆడే ఆట ఒకటుంది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలో వేషం వేసుకుంటారు, ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. ఏ పని చెయ్యబోయినా ఇరవై ముఖాల పాచిక వేసి, పడిన అంకెని బట్టి గెలుపో ఓటమో తేల్చుకుంటారు. దారిలో వాళ్ళకి ఊరివాళ్ళు ఎదురవుతారు, రాక్షసులు ఎదురవుతారు. ఆ ఊరివాళ్ళనీ రాక్షసులనీ తయారుచేసి పుస్తకంగా రాయడమే నా పని.

చిక్కేమిటంటే, మా దగ్గర కథ నడిపే స్టెల్లా నా ఊరు చదివి, "అందరూ మైలురాళ్ళలా నిలబడి దారి చెబుతున్నారు, ఒక్కరికీ ప్రాణం లేదు" అంది. ఆగస్టు ఇరవైలోగా ఊరు బతక్కపోతే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తారట. నా పేరుతో రావలసిన మొదటి పుస్తకం అత్తయ్యా. అందుకే కథలో ఊరిని గోదావరి లంకకి మార్చేశాను. నాకు తెలిసిన లంక మీదొక్కటే. నాయనమ్మ పోయాక మీరూ నాన్నా మాట్లాడుకోవడం మానేశారు, నేనూ అటు రావడం మానేశాను. తొమ్మిదేళ్ళయిపోయింది.

దీంతో ఒక కాగితం పంపుతున్నాను. మీ ఊళ్ళో ఓ పదిమంది గురించి రాయండి. బలం, తెలివి, ధైర్యం, ఒక్కోదానికి ఇరవైకి ఎన్ని? తర్వాత మూడు ప్రశ్నలు. వీళ్ళకి ఏం కావాలి? దేనికి భయం? ఏం దాస్తున్నారు? మూడోదానికి జవాబు లేని మనిషి మనిషే కాదంటుంది స్టెల్లా.

మీకు రాస్తున్నానని నాన్నకి తెలుసు. స్టాంపులు ఏ సొరుగులో ఉన్నాయో చెప్పారు.

మీ
దుర్గ

*

గోరింటలంక, కపిలేశ్వరపురం మండలం,
16 జూన్ 2025.

చి. కుమారి దుర్గకి అత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ గేదే క్షేమం. గేదె ఒక పూట ఎక్కువ క్షేమం.

నీ ఉద్యోగం అర్థమైంది. మన ఊళ్ళో దాన్ని రేవు దగ్గర కబుర్లంటారు. జీతం ఇవ్వరు, అంతే తేడా.

నీ కాగితానికి పద్ధతీ పాడూ లేదు. వరస నంబరు లేదు, తండ్రి లేక భర్త పేరు లేదు, సంతకం లేక వేలిముద్రకి చోటు లేదు. అవన్నీ గీతలు కొట్టి పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని ఇంటింటికీ వెళ్ళేను. చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం నా అలవాటు. అలాగే రాసేను, నన్నేమీ అనకు.

చేపలమ్మే సూరమ్మ, బలం రెండు. "రెండంటే మరీ తక్కువేమో సూరమ్మా" అన్నాను. "ఆయ్, రెండేనండి. అది కూడా పొద్దున్నపూటేనండి" అంది. అలా అంటున్నప్పుడు ఆవిడ నెత్తిమీద చేపల గంప ఉంది.

కొబ్బరితోటల కొండలరావు, తెలివి మూడు. పక్కనున్న వాళ్ళావిడ "రెండు రాయండి" అంది. ఏం కావాలయ్యా అంటే పక్కా ఇల్లు కావాలన్నాడు. ఆ మాట మేడ మీద నుంచి చెప్పేడు.

పంటు నడిపే గంగబాబు, ధైర్యం సున్నా. దేనికి భయమంటే "నీళ్ళకండి" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా వాడే మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ గోదారి దాటిస్తున్నాడు.

మిగతా ఏడుగురూ ఇంతే. ఏం దాస్తున్నారంటే పదిమందీ ఒక్కటే మాట, "మా దగ్గరేముందండీ దాచడానికి". మన ఊరు ఇంత నీరసపడిపోయిందని నాకూ ఇప్పుడే తెలిసింది.

స్టాంపులు ఎక్కడున్నాయో చెప్పేడా మీ నాన్న? సరే. వేళకి తిను.

అత్తయ్య

*

హైదరాబాదు,
27 జూన్ 2025.

అత్తయ్యా,

కోటి నమస్కారాలు, ఒక దుర్వార్త. మీ ఊరు పోయింది.

మీరు పంపిన పదిమందినీ కథలో పెట్టి మొన్న శనివారం మా ఇంట్లో ఆడించాం. రేవులోంచి ఒక పీత వచ్చింది. రాక్షసి పీత కూడా కాదు, కొత్తవాళ్ళకి చెయ్యి అలవాటవడానికి పెట్టే మామూలు పీత. పదినిమిషాల్లో ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. సూరమ్మగారు గుమ్మం దిగకుండానే పోయారు. గంగబాబుగారు నీళ్ళు చూసి పారిపోయారు. కొండలరావుగారు ఆఖరి నిమిషంలో పీతనే పక్కా ఇల్లు అడిగారు. స్టెల్లా నవ్వీ నవ్వీ కుర్చీలోంచి కింద పడింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అప్పుడు ఒక విచిత్రం జరిగింది. కూరల సంచీతో లోపలికి పోతున్న నాన్న ఆగిపోయారు. "సూరమ్మకి బలం రెండా? ఎవడు రాసేడు? చిన్నప్పుడు మామిడికాయలు కోసేనని నన్ను ఒంటిచేత్తో ఎత్తి కాలవలో ముంచింది" అని కుర్చీ లాక్కుని కూచున్నారు. స్టెల్లా ఆయనకి పడవవాడి వేషం ఇచ్చింది. పాచిక వేస్తే ఇరవై పడింది. మళ్ళీ శనివారం ఎన్నింటికని అడిగారు. రిటైరయ్యాక ఆయన ఏదైనా ఎన్నింటికని అడగడం ఇదే మొదలు.

అత్తయ్యా, జనం మీకు నిజం చెప్పలేదేమో. ఒకసారి కనుక్కుంటారా? అలాగే మీ ఊళ్ళో దేనికి దడుచుకుంటారో కూడా రాయండి, రాక్షసులకి పనికొస్తుంది.

దుర్గ

*

గోరింటలంక,
5 జూలై 2025.

చి. దుర్గకి,

కనుక్కున్నాను. తప్పు నాదే. గీతలు కొట్టి, వేలిముద్రకి చోటు పెట్టి, నేనే ఇంటికొచ్చి అడిగితే ఏదో కొత్త పథకం వచ్చిందనుకున్నారు. ఎంత నీరసంగా ఉంటే అంత ముందు మంజూరవుతుందని సూరమ్మే వీధంతా చెప్పిందట.

"పథకం కాదర్రా, ఆట. పుస్తకంలో అచ్చవుతుంది" అని మళ్ళీ ఇంటింటికీ చెప్పి వచ్చేను. తెల్లారేసరికి నా అరుగు నిండిపోయింది. కొండలరావు బలం ఇరవై, తెలివి ఇరవై వేయించుకుని, గుర్రం కూడా రాయమన్నాడు. సూరమ్మ పంతొమ్మిది చాలంది. "ఇరవై అయితే దిష్టి తగులుద్దండి" అంది. గంగబాబు తనని రాక్షసుల్లో వెయ్యమన్నాడు. "మనిషిగా ఉండి ఏం బాగుపడ్డానండీ, అటేపెయ్యండి" అన్నాడు.

ఇక లాభం లేదని నేనే కూచుని వేసేను. ముప్పై ఆరేళ్ళు ఈ ఊరి ఉత్తరాలన్నీ నా చేతిమీదుగా వెళ్ళేయి. సగంమందికి చదివిపెట్టింది కూడా నేనే. వాళ్ళేం దాస్తున్నారో నాకు తెలీదా? సూరమ్మ దాస్తున్నది, తను చేపలు నోట పెట్టదు, వాసన పడదు. కొండలరావు దాస్తున్నది, కొబ్బరికాయలు దింపే రోజున చెట్టెక్కిన మనిషి కిందికి దిగేదాకా గదిలో కళ్ళు మూసుకు కూచుంటాడు. గంగబాబుకి ఈత రాదు. నీళ్ళంటే భయమన్నాడే, పదిమందిలో నిజం చెప్పింది వాడొక్కడే. పేర్లు మార్చి వేసుకో.

దడుచుకునేవాటికేం, బోలెడు. తోటలో అబద్ధమాడితే నెత్తిన కాయ రాల్చే కొబ్బరి దెయ్యం ఉందని మా అమ్మ చెప్పేది. కొండలరావు తోటలోకి వెళితే గొడుగు వేసుకోవాలనేది.

మీ నాన్నని సూరమ్మ ముంచింది మామిడికాయలకి కాదు, జామకాయలకి. కోసింది నేను. వాడికి తొమ్మిదేళ్ళు, నాకు పదకొండు. మూడు మునకలు వేయించినా అక్క పేరు చెప్పలేదు వాడు. ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను.

మళ్ళీ శనివారం కూచున్నాడా?

అత్తయ్య

*

హైదరాబాదు,
17 జూలై 2025.

అత్తయ్యా,

కూచున్నారు! మూడు శనివారాలయింది. పోయినవారం రాక్షసి పీతని సూరమ్మగారు గంపలో వేసుకుని అమ్మేశారు. ఈత రాని గంగబాబుగారు భయపడుతూనే అందరినీ అవతలి ఒడ్డుకి చేర్చారు. ఊరు బతికింది అత్తయ్యా.

ఇక మిగిలింది పెద్ద రాక్షసి. అది కూడా మీ ఊరిదే. దాని పేరు టపా మొసలి. రేవులో ఉంటుంది, ఎవరినీ కరవదు. అవతలికి పోయే ఉత్తరాలు మింగుతుంది. మింగినకొద్దీ బరువెక్కి కదల్లేకపోతుంది. దాన్ని కత్తితో చంపలేరు. ఆ ఉత్తరం ఎవరికి రావాలో వాళ్ళే వచ్చి అడగాలి, అది కక్కి ఇవ్వాలి, అందరూ వినేలా పైకి చదవాలి. అప్పుడే అది తేలికపడి నీళ్ళలోకి వెళ్ళిపోతుంది.

నాన్న మాటలోంచే పుట్టిందిది. మా ఇంట్లో గ్యాసు బండ ఆలస్యమైనా, పాలపాకెట్టు ఆలస్యమైనా "గోరింటలంక మొసలి మింగి ఉంటుంది" అంటారాయన. మీ ఊరి సామెత కదా?

రేవు ఒడ్డున పోస్టుమాస్టరుగారు కూడా ఉంటారు. ఆ కాగితం ఖాళీగా పంపుతున్నాను. మీది మీరే నింపాలి.

దుర్గ

*

గోరింటలంక,
24 జూలై 2025.

దుర్గకి,

నీ కాగితం వెనక్కి పంపుతున్నాను. మా ఊళ్ళో అలాంటి సామెత లేదు. తొమ్మిదేళ్ళు నోరు మూసుకున్నవాడు ఇప్పుడు కూతురిచేత అడిగించక్కర్లేదని మీ నాన్నతో చెప్పు.

గేదె క్షేమం.

భవానీదేవి,
రిటైర్డు పోస్టుమాస్టరు.

*

హైదరాబాదు,
30 జూలై 2025.

అత్తయ్యా,

క్షమించండి. మీరు అంత పూజగా చేసిన ఉద్యోగాన్ని మొసలితో ముడిపెట్టడం నా తెలివితక్కువతనం. వెంటనే మొసలిని తీసేసి గేదెని పెట్టాను. గేదె అయితే ఆవిడకి ఇంకా కోపం వస్తుందని స్టెల్లా అంటే అదీ తీసేశాను. ప్రస్తుతం రేవులో ఒక పెద్ద కప్ప ఉత్తరాలు మింగుతోంది. ఎవరికీ భయం వేయడం లేదు.

నాన్న ఏదో అడిగించారని రాశారు. నాకు అర్థం కాక మీ ఉత్తరం ఆయనకే చూపించాను. అప్పుడు చెప్పారు. నాయనమ్మకి బాగోలేదని మీరు ఫోను చెయ్యకుండా ఉత్తరం వేశారట. టపా ఆలస్యమై, ఆవిడ పోయిన మూడోరోజుకి అందిందట. "మా అక్కకి పోస్టాఫీసంటే అంత పిచ్చి. నా తల్లిని టపాకి వదిలేసింది. అదే నా కోపం, ఇంకేం లేదు. నేనేమీ అడిగించలేదు" అన్నారు.

ఆ ఉత్తరం ఇంకా బీరువాలో ఉంది. ఆయన దాన్ని విప్పనే లేదట. "అన్నీ అయిపోయాక ఇంకేం చదవను" అన్నారు.

కాగితాలన్నీ ఆగస్టు ఇరవైకి అచ్చుకి పోవాలి. పోస్టుమాస్టరు లేకపోతే రేవు కథ నడవదు. అయినా మీకు కష్టమైతే వద్దు.

దుర్గ

*

గోరింటలంక,
6 ఆగస్టు 2025.

అమ్మా దుర్గా,

విప్పలేదా?

తొమ్మిదేళ్ళుగా వాడు విప్పి చూసే ఉంటాడనుకున్నానే. లోపల నా రాతలో ఒకటో తారీఖు ఉంటుంది. కవరు మీద నా చేత్తోనే కొట్టిన ముద్రలో ఐదో తారీఖు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది. వాడికి తెలిసే మాట్లాడడం మానేశాడని నేననుకున్నాను. నీ మొసలిని చూసి ఇన్నాళ్ళకి నిలదీస్తున్నాడనుకున్నాను. కప్పని తీసెయ్యి. మొసలినే పెట్టు, దానికి నా కళ్ళజోడు కూడా పెట్టు.

కాగితం నింపేను. ఇదిగో.

పేరు: రేవు పోస్టుమాస్టరు. బలం పద్దెనిమిది. తల్లి పోయిన రోజున కూడా నలుగురిలో కన్నీటి చుక్క రాల్చలేదు. తెలివి తనకి ఉందనుకున్నంత లేదు. ధైర్యం ఒకటి.

ఏం కావాలి: తమ్ముడు గుమ్మంలోకి రావాలి.

దేనికి భయం: వాడు వచ్చి తారీఖులు అడుగుతాడని.

ఏం దాస్తోంది: టపా ఆలస్యం కాలేదు. రెండువేల పదహారు ఆగస్టు ఒకటిన డాక్టరు, పిలవాల్సినవాళ్ళని పిలుచుకోమన్నాడు. అమ్మ మంచం పక్కనే ఫోనులో ఏడవలేక, ఆఫీసు బల్ల దగ్గర ఉత్తరం రాసేను. నా ముఖం చూసి అమ్మ పట్టేసింది. "పంపకే. వాడు పరిగెత్తుకొస్తే నా పని అయిపోయిందని నాకు తెలిసిపోద్ది. నాలుగురోజులు తెలీకుండా ఉండనీ" అంది. ఉత్తరం సొరుగులో పెట్టేను. టపా సంచీ రోజూ మూడింటికి వెళ్ళిపోయేది. నాలుగు రోజులు నా చేత్తో అందరి ఉత్తరాలూ కట్టి పంపి, మా తమ్ముడిది ఒక్కటీ ఆపేను. ఐదో తారీఖున అమ్మకి స్పృహ తప్పింది. అప్పుడు ముద్ర కొట్టి వేసేను. అప్పుడైనా ఫోను చెయ్యొచ్చు కదా? "ఇప్పటిదాకా ఏం చేశావే" అంటే ఏం చెప్పాలో తెలీలేదు. మర్నాడు పోయింది. ఇవాళ్టి తారీఖే. ఆ కబురు మాత్రం ఫోనులోనే చెప్పాల్సి వచ్చింది.

వాడు అడిగితే టపా ఆలస్యమైందన్నాను. ముప్పై ఆరేళ్ళలో ఎవరి ఉత్తరమూ ఒక్క పూట ఆపనిదాన్ని, నా తప్పు టపా మీద వేసేను. ఇది మీ నాన్నకి చూపించమనను, చూపించొద్దనీ అనను. నోటితో చెప్పలేకే రాసేను.

అత్తయ్య

*

హైదరాబాదు,
17 ఆగస్టు 2025.

అత్తయ్యా,

మీ కాగితం మూడురోజులు నా సంచీలోనే ఉండిపోయింది. నేనూ మీ మేనకోడల్నే కదా. ఆఖరికి నిన్న శనివారం, ఆట మొదలవకముందు స్టెల్లా చేతికిచ్చి, "రేవు పోస్టుమాస్టరుది వచ్చింది, ఉన్నదున్నట్టు నడుపు" అన్నాను.

పడవవాడు, అంటే నాన్న, రేవు దగ్గరికి వచ్చి, "నా పేరున ఉత్తరం ఏమైనా ఉందాండి?" అని అడిగారు. స్టెల్లాకి మన సంగతి తెలీదు. కాగితం చూసి, పోస్టుమాస్టరు గొంతుతో, "ఉందండి. మా అమ్మ పంపొద్దంటే నాలుగు రోజులు నేనే ఆపేను. టపా తప్పేం లేదు" అంది. నాన్న వెయ్యబోయిన పాచిక పక్కన పెట్టారు. తర్వాత ఆ కాగితం ఇమ్మని తీసుకుని, మీ రాత చూసి, రెండుసార్లు చదువుకున్నారు. "అమ్మ అందా ఆ మాట?" అన్నారు. ఎవరిని అడిగారో మాకు తెలీలేదు.

లేచి వెళ్ళి బీరువా తీశారు. కవరు తెచ్చి బల్లమీద పెట్టారు. విప్పుతారనుకున్నాను. విప్పలేదు. "రావులపాలెం బస్సులు ఎన్నింటికి?" అన్నారు.

అత్తయ్యా, ఆయన మంగళవారం బయల్దేరుతున్నారు. కోపంగానే ఉన్నారు. పాచిక మాత్రం జేబులో వేసుకున్నారు. ఈ ఉత్తరం ఆయన కంటే ముందు మీకు చేరాలని రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

దుర్గ

*

గోరింటలంక,
22 ఆగస్టు 2025.

చి. దుర్గకి అత్తయ్య దీవెనలు.

నీ స్పీడ్ పోస్టు మీ నాన్న వచ్చిన మర్నాడు వచ్చింది. ఈసారి నిజంగా టపాదే ఆలస్యం, నా మీద ఒట్టు.

బుధవారం పొద్దున్న ఎవరో ఆటో దిగుతున్నారని చూస్తే కొండలరావు అప్పటికే పట్టేసుకున్నాడు. "పుస్తకం రాసే అమ్మాయి నాన్నగారు కదండీ, నా గుర్రం సంగతి మర్చిపోకండి" అంటున్నాడు. సూరమ్మ గంప దింపి, "జామకాయల రాముడివి కాదూ?" అంది. "అవును సూరమ్మా, కోసింది మా అక్క" అన్నాడు. యాభై ఆరేళ్ళు దాచిన పేరు నడిరోడ్డు మీద చెప్పేశాడు. అప్పుడే అనుకున్నాను, మంచి కోపంలో ఉన్నాడని.

గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అక్కా అనలేదు. "పోస్టుమాస్టరుగారూ, నా పేరున ఉత్తరం ఏమైనా ఉందాండి?" అన్నాడు. "ఉందండి, లోపలికి రండి" అన్నాను. వచ్చేడు.

రెండుగంటలు తిట్టేడు. ఒక్కటీ కాదనలేదు నేను, అన్నీ నాకు రావలసినవే. అమ్మ నోటి చివరి మాటలు నాలుగురోజులు నువ్వొక్కదానివే విన్నావు, నా వంతు ఏదే అన్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టేను. కాళ్ళు కడుక్కోమంటే కడుక్కున్నాడు. అన్నం పెడితే తిన్నాడు. పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తర్వాత కవరు తీసి నా ముందు పెట్టి, "పైకి చదువు, ఆటలో రూలు" అన్నాడు.

విప్పేను. "తమ్ముడూ, అమ్మకి బాగోలేదు, ఉన్నపళాన బయల్దేరు" అని మొదటి వాక్యం. "నిద్రలో నీ పేరే పిలుస్తోంది" అని రెండోది. అంతవరకే చదవగలిగేను. మిగతాది వాడే చదివేడు, పైకే చదివేడు. చదవడం అయ్యేసరికి సూరమ్మ, గంగబాబు అరుగు మీద కూచుని ఉన్నారు. ఎప్పుడొచ్చేరో తెలీదు.

ఆదివారం దాకా ఉంటానంటున్నాడు. పుస్తకం అచ్చుకి వెళ్ళిపోయి ఉంటే సరే. ఇంకా నీ చేతిలోనే ఉంటే పోస్టుమాస్టరు కాగితంలో ఒక దిద్దుబాటు. బలం దగ్గర పద్దెనిమిది కొట్టేసి రెండు వెయ్యి. సూరమ్మ అబద్ధం చెప్పి వేయించుకున్న రెండు నాకు నిజంగానే సరిపోతుంది.

మీ నాన్న భుజం మీదుగా చూసి, మూడు వెయ్యమంటున్నాడు.

అత్తయ్య